ఎవరో తలుచుకుంటాండారు

కడపలో ఎర్రకారం దోశ తినేటప్పుడు ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మొదటి ముక్కకు నోరు మండుతుంది. రెండోదానికి నెత్తిన చెమట పడుతుంది. మూడోదానికి ముక్కు కారుతుంది. దుఃఖమేమీ లేకుండానే కళ్లల్లో నీళ్లు. ఇందులో ఒక్కటీ మనల్ని అడిగి జరిగే పని కాదు, ఎవరో కూర్చోబెట్టి నేర్పిందీ కాదు. ఒంటికి పుట్టుకతో అబ్బిన విద్యలు.

ఈ మంట వెనక ఒక తమాషా ఉంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ మన నరాల్లో ఏ తలుపు తడుతుందో, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడీ ఆ తలుపే తడుతుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాని ఆనవాలు పట్టింది. 2021 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. కర్నూలు మే నెల ఎండా, ఉగ్గానితో నంజుకునే మిరపకాయ బజ్జీ ఒంటి లెక్కలో ఒకటే. నిప్పు తగిలిందనుకుని పాపం చెమట పోసి చల్లార్చబోతుంది. నడి ఎండాకాలంలో కూడా బజ్జీ మానని మాబోటివాళ్లతో వేగడం దానికెంత కష్టమో!

నాకైతే వీటన్నిటికంటే ముందు ఎక్కిళ్లు వస్తాయి. సంగటిలో ఊరిబిండి కాస్త ఎక్కువైతే చాలు. పొట్టకూ రొమ్ముకూ నడుమ ఉండే డయాఫ్రం ఉన్నట్టుండి ఉలిక్కిపడుతుంది, గాలి లోపలికి దూసుకొస్తుంది, గొంతులో తలుపు టక్కున మూసుకుంటుంది. ఆ చప్పుడే ఎక్కిలి. తల్లి కడుపులోని బిడ్డకూ వస్తాయట. ఆ బిడ్డ ఏ కారం తిన్నదని? వీటివల్ల ఒంటికి లాభమేమిటో వైద్యులు ఇప్పటికీ తేల్చలేదు.

మా అవ్వ ఎప్పుడో తేల్చేసింది. "ఎవరో తలుచుకుంటాండార్రా నిన్ను. నీళ్లు తాగి, ఒక్కొక్క పేరే చెప్పు" అనేది. నేను చెంబెత్తి గుక్క తిప్పుకోకుండా తాగి, మేనత్తతో మొదలుపెట్టి పొద్దుటూరు పెద్దమ్మ దాకా వరసగా చెప్పేవాణ్ణి. ఏ పేరు దగ్గర ఆగితే వాళ్లే తలుచుకున్నట్టు. ఊపిరి బిగబట్టి నీళ్లు తాగినందుకే ఆగాయని తర్వాత తెలిసింది గానీ, పెద్దమ్మకు ఆ ఘనత అలాగే ఉంచేశాను.

అమెరికాలో, అయోవా రాష్ట్రంలో చార్లెస్ ఆస్బోర్న్ అనే ఆయనకు 1922లో ఒక పందిని తూకం వేయబోతుంటే ఎక్కిళ్లు పట్టుకున్నాయి. 1990 దాకా వదల్లేదు. 68 ఏళ్లు! అన్నేళ్లు విడవకుండా తలుచుకున్నది ఎవరని అవ్వను అడగాలనిపించింది, కానీ ఇది చదివేనాటికి ఆమె లేదు. ఉంటే ఏమనేదో నాకు తెలుసు.

"ఇంకెవురు? ఆ పందే."