మందు చీటీ ఎవరు రాయాలి?



కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో నర్సింగ్ చదివే చెల్లెళ్ళు, ఎంఎల్‌హెచ్‌పీలుగా చేస్తున్న అక్కలు చాలామంది ఉన్నారు. ముఖ్యంగా మీకోసమే రాస్తున్నా.

మా నాన్నకి బీపీ. మొదట మాత్ర రాసింది 18 కిలోమీటర్ల దూరంలో ఉన్న పీహెచ్‌సీ డాక్టరు. అక్కణ్ణుంచి ప్రతి నెలా బీపీ చూసి మాత్రలు ఇచ్చేది సబ్‌సెంటర్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీ అక్క. కానీ డోసు పెంచాలంటే డాక్టరే చెప్పాలి. ఈ-సంజీవనిలో డాక్టర్ని అడగొచ్చు, మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి. మొన్న వేసవిలో బీపీ బాగా పెరిగితే నాన్న కూలి మానుకుని పీహెచ్‌సీకి పోయాడు. పోయే ముందు "నువ్వే రాయొచ్చు కదమ్మా" అంటే ఆ అక్క, "తెలుసు బాబాయ్, రాసే అధికారం నాకు లేదు" అంది.

మా ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటోణ్ణి నేనే. ఆ అధికారం ఎవరిస్తారో తెలుసుకుందామని హాస్టల్లో కూర్చుని చట్టం చదివాను.

2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో సెక్షన్ 32 ఉంది. దాని ప్రకారం డాక్టరు కానివాళ్ళకి కూడా 'కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్' అని పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చు. ప్రాథమిక వైద్యంలో, జబ్బు రాకుండా చూసే పనిలో కొన్ని నిర్ణీత మందులు వాళ్ళు సొంతంగా రాయొచ్చు. మిగతా వాటికి డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. వీళ్ళ సంఖ్య రిజిస్టరైన డాక్టర్లలో మూడోవంతు దాటకూడదు. అయితే అర్హతలేంటో చట్టం తేల్చలేదు, రెగ్యులేషన్స్‌కి వదిలేసింది. 2019 జూలై 31న ఐఎంఏ డాక్టర్లు దేశమంతా సమ్మె చేసింది ఈ బిల్లు మీదే.

రాష్ట్రం సొంతంగా చేసుకోవచ్చు కదా అంటారా? అస్సాం చేసింది. పల్లెల కోసం మూడేళ్ళ డిప్లొమా పెట్టి 2004లో చట్టం తెచ్చింది. 2014లో గువాహటి హైకోర్టు కొట్టేసింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. వైద్య విద్య ప్రమాణాలు కేంద్ర చట్టం పరిధి అంది. చదివినవాళ్ళు రోడ్డున పడకుండా అస్సాం 2015లో తెచ్చిన ఇంకో చట్టాన్ని మాత్రం నిలబెట్టింది.

"కొండోళ్ళకి సగం డాక్టరు, పట్నమోళ్ళకి పూర్తి డాక్టరా?" అని మనవాళ్ళే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాకూ పూర్తి డాక్టరే కావాలి. కానీ ఆయన వచ్చేదాకా మన ఊళ్ళో సూది వేసేది ఎవరు? ఏ చట్టానికీ జవాబు చెప్పని ఆర్‌ఎంపీ.

మలేరియా సంగతి చూడండి. ఆశ అక్క వేలు గుచ్చి కిట్‌తో టెస్టు చేస్తుంది, వయసును బట్టి రంగురంగుల పాకెట్లలో వచ్చే మాత్రలు ఇస్తుంది. జబ్బు ముదిరితే పైకి పంపుతుంది. ఆమె డాక్టరు కాదు. ఏ వయసుకి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు పంపెయ్యాలి అన్నది ముందే రాసిపెట్టారు కాబట్టే భయం లేకుండా చేస్తోంది.

బీపీకి, షుగరుకి కూడా అలాగే రాతలో ఉండాలంటాను. ఏ మందు, ఎంతవరకు పెంచొచ్చు, సిగ్నల్ లేనప్పుడు ఏం చెయ్యాలి అని. ఆమె వెనక బాధ్యత తీసుకునే డాక్టరు పేరు సబ్‌సెంటర్ గోడ మీద ఉండాలి. పేరు లేకుండా పని అప్పజెప్పితే, తేడా వస్తే ఇరుక్కునేది మన అక్కే.

ఎంఎల్‌హెచ్‌పీ అక్కలూ, మీకు ఇచ్చిన మందుల జాబితాలో ఏం లేక ఇబ్బంది పడుతున్నారో రాయండి. అన్నీ కలిపి ఐటీడీఏ పీఓ గారికి అర్జీ పెడదాం. అర్జీ నేను రాస్తా.