మరలి వచ్చే ధ్వని

పాఠశాల వార్షికోత్సవంలో ప్రధానోపాధ్యాయుడు మైకు ముందు నోరు విప్పకముందే "కుయ్" మని ఒక కూత పుట్టడం, సభలోని వారంతా చెవులు మూసుకోవడం మనలో ఎరుగని వారుండరు. మైకు గ్రహించిన శబ్దాన్ని యంత్రం పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. స్పీకరు నుండి వెలువడిన ఆ శబ్దాన్ని మైకు మరల గ్రహిస్తుంది. యంత్రం దానిని మరల పెద్దది చేస్తుంది. ఈ ప్రదక్షిణం ఎడతెగక సాగగా పుట్టేదే ఆ కూత. దీనినే ఫీడ్‌బ్యాక్ అంటారు. తెలుగులో పునర్నివేశం అనే చక్కని మాట ఉన్నది. పునః, నివేశం అనే రెండు పదాలు కలిసినప్పుడు విసర్గ రేఫగా మారింది. బయటికి పోయినది మరల లోపలికి ప్రవేశించడం అని అర్థం.

మైకు సెట్టు వారికి ఇది దోషం. గిటారు వాయించే వారికి ఇదే భూషణం. 1964లో బీటిల్స్ బృందం విడుదల చేసిన "ఐ ఫీల్ ఫైన్" అనే పాట ఇటువంటి కూతతోనే మొదలవుతుందని నాకు మా మనవడు చెప్పాడు. మా అమ్మాయి కొడుకు. ఇంజనీరింగు రెండవ సంవత్సరం చదువుతున్నాడు. గిటారు ధ్వనిని పలు విధాల మార్చే చిన్న పెట్టెలు కొన్ని వాడి వద్ద ఉన్నవి. కాలితో నొక్కి పనిచేయిస్తారు కనుక వాటిని పెడళ్ళు అంటారు. ఒక పెడలు నుండి వెలువడిన ధ్వనిని మరల దానిలోనికే పంపగల మరొక పెట్టెను తన చేతులతో తయారు చేయాలని వాడి సంకల్పం. మొన్న వేసవి సెలవులలో ఆ పనికి నేను సహాయకుణ్ణి అయినాను.

సామగ్రి కోసం హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళాము. గిటారు తీగ దూర్చే జాకులు నాలుగు, 100 కిలో ఓముల పొటెన్షియోమీటరు ఒకటి, తొమ్మిది కాళ్ళున్న ఫుట్‌స్విచ్ ఒకటి, అల్యూమినియం డబ్బా ఒకటి, కొంత వైరు, కొంత సోల్డరు తీగ. ఇంతే. బ్యాటరీ అవసరం లేదు. ఎందుకంటే ఈ పెట్టె తానుగా ధ్వనిని పెంచదు, కేవలం త్రోవ చూపుతుంది. పెంచే పని మధ్యలో తగిలించిన పెడలుదే.

దాని అమరిక ఇది. గిటారు నుండి వచ్చిన సంకేతం మొదటి జాకులో ప్రవేశించి, రెండవ జాకు ద్వారా పెడలులోనికి పోతుంది. పెడలు నుండి వెలువడినది మూడవ జాకులోనికి వచ్చి, నాల్గవ జాకు ద్వారా స్పీకరు యంత్రానికి చేరుతుంది. మూడవ జాకు నుండి రెండవ జాకుకు వెనుకకు ఒక వైరు వేసి, దాని మధ్య ఆ పొటెన్షియోమీటరును ఉంచాలి. మీట త్రిప్పితే ఎంత ధ్వని వెనుకకు మరలాలో మన అధీనంలో ఉంటుంది. స్విచ్‌లోని మూడు వరుసలలో రెండు, సంకేతాన్ని పెడలు గుండా పంపాలా, నేరుగా పంపాలా అని నిర్ణయిస్తాయి. మూడవ వరుస వెనుకకు మరలే త్రోవను తెంచుతుంది. అలా తెంచకపోతే, పెట్టెను ఆపినప్పుడు కూడా పెడలు లోలోపల కూస్తూనే ఉంటుందట.

"ఆ వైరు కదలకుండా పట్టుకో తాతయ్యా" అని వాడు అనడం, నేను పట్టుకోవడం, వాడు సోల్డరు కరిగించడం. ముప్పది నాలుగేళ్ళు పిల్లల చేతులు పట్టి అక్షరాలు దిద్దించిన నాకు ఆ పాత్ర మార్పు మిక్కిలి నచ్చింది.

పెట్టె పూర్తయినాక వాడు కొన్ని విషయాలు చూపించాడు. ఒక ప్రదక్షిణలో ధ్వని పొందే పెరుగుదల ఒకటి కంటె తక్కువైతే కూత క్రమంగా అణగిపోతుంది. ఒకటికి చేరితే నిలుస్తుంది. దాటితే పెరిగి పెరిగి, యంత్రం ఇక పెంచలేని చోట ఆగుతుంది. తిరిగి వచ్చిన తరంగం బయలుదేరిన తరంగంతో అడుగు కలిపి నడిచే శ్రుతిలోనే కూత పుడుతుంది. అడుగు కలపక ఎదురు నడిస్తే ధ్వని పెరగడానికి బదులు తగ్గుతుంది. అది రుణ పునర్నివేశం. 1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అనే అమెరికా ఇంజనీరు, హడ్సన్ నదిపై పడవలో పనికి వెళుతూ, చేతిలోని వార్తాపత్రిక మీదనే ఈ ఉపాయాన్ని వ్రాసుకొన్నాడట. దూరపు టెలిఫోను మాటలలోని వికృతిని తగ్గించడానికి అది ఉపకరించింది. మరొక చిత్రం, గిటారు మీది వాల్యూము మీటను పూర్తిగా తగ్గిస్తే కూత కూడా ఆగిపోయింది. అప్పుడు మరలి వచ్చిన సంకేతమంతా ఆ మీట గుండా నేలకు పోతుందని వాడు వివరించాడు.

వాడు టోను మీటను నెమ్మదిగా త్రిప్పాడు. కూత పైకి, ఇంకా పైకి పోయింది. తరువాత ఆగిపోయింది. నేను "ఆపేశావా?" అన్నాను. వంటింటిలో నుండి మా అమ్మాయి చెవులు మూసుకొని పరుగెత్తుకొని వచ్చింది. కూత ఆగలేదు. నాకు వినిపించడమే ఆగింది.

నా వినికిడి తగ్గిందని పరీక్షలో తేలి రెండేళ్ళయింది. వయసుతో ముందుగా పోయేవి హెచ్చు శ్రుతులే. స కారపు ఊపిరి శబ్దం ఎక్కువగా 4000 హెర్ట్జ్‌ల పైననే ఉంటుంది. శ, ష, సల భేదం జీవితమంతా బోధించిన వాని చెవికి ఆ భేదమే ముందుగా చెరిగిపోయింది. యతి స్థానంలో ఆ మూడింటికీ చెలిమి చెల్లుతుందని ఛందస్సు చెబుతుంది. నా చెవి యతి స్థానంతో నిమిత్తం లేకుండానే వాటిని కలిపివేసింది. వినికిడి యంత్రం కొన్నాను. తల వంచినా, చేయి దగ్గరకు వచ్చినా అది సన్నగా ఈల వేసేది. ఒక సాహిత్య సభలో పద్యపఠనం జరుగుతుండగా అది ఈల వేస్తే ముందు వరుస వారంతా వెనుదిరిగి చూశారు. ఆ రాత్రి దానిని సొరుగులో పెట్టాను. అటుపై సభలకూ పోలేదు.

ఆ సాయంత్రం సొరుగులో నుండి దానిని తీసి వాడి ముందుంచాను. వాడు అటూ ఇటూ త్రిప్పి చూసి, "ఇది కూడా అదే కదా తాతయ్యా. మైకు ఉంది, పెంచే యంత్రం ఉంది, స్పీకరు ఉంది. నీ చెవికీ దీనికీ మధ్య సందు ఉంది. అందులోంచి శబ్దం వెనక్కు వస్తోంది. ఆ దారి మూసేస్తే సరి" అన్నాడు.

మరునాడు ఇద్దరం వెళ్ళాము. చెవి అచ్చు తీసి, సరిగా అమరే క్రొత్త తొడుగు చేయించారు. ఈల రాబోతున్నట్లు గ్రహించి దానికి ఎదురు తరంగాన్ని కలిపి అణచే ఏర్పాటు కూడా యంత్రంలోనే ఉన్నదని, దానిని నా చెవికి తగినట్లు సరిచేశామని చెప్పారు. ఈల పూర్తిగా పోయిందనను. దిండు మీద తల వాల్చితే ఇప్పటికీ ఒకటి రెండు మార్లు కూస్తుంది. అయినా మొన్న పక్కింటి పాప వాకిట కూర్చొని తెలుగు వాచకం పైకి చదువుతుంటే, ఆమె "శంఖం"ను "సంఖం" అంటున్నదని నాకు కుర్చీలో నుండే తెలిసింది. పిలిచి సరిదిద్దాను. అలా దిద్దగలిగి ఎన్నాళ్ళయిందో!

సొరుగులో యంత్రం దాచుకొన్న నా ఈడు వారెవరైనా ఉంటే, ఈల వేస్తున్నది కదా అని దానిని అక్కడే ఉంచవద్దని మనవి. తొడుగు సరిగా అమరినదో లేదో ఒకసారి చూపించుకొనండి. వచ్చే ఆదివారం సాహిత్య సభ ఉన్నది. నేను ముందు వరుసలోనే కూర్చుంటాను.

సెలవు.