మైదానములో పెండ్లిచూపులు



నేను బంతియాటనుగూర్చి వ్రాయుట చూచి మీరు నవ్వుకొందురేమో. నాకును ఆటలకును ఏనాడును పొత్తు లేదు. కాని గడచిన సంవత్సరము న్యూయార్కు నగరమునకు సమీపముననున్న మా అమ్మాయి యింట ఆఱు నెలలుంటిని. మా మనుమనికి పదుమూడేండ్లు. వానికి బేస్‌బాల్ అను ఆట ప్రాణము. శనివారము వచ్చినదనిన వానివెంట మైదానమునకు బోయి, చెట్టునీడను మడతకుర్చీలో కూర్చుండుట నా పని. ఆ యాట మన క్రికెట్టుకు దాయాది వంటిది. ఒకడు బంతి విసరును. వేఱొకడు రోకలివంటి గుండ్రని కఱ్ఱతో దానిని గొట్టి పరుగెత్తును. అంతకుమించి నాకు బోధపడలేదు. బోధపడినది వేఱొకటి గలదు. దానినే మీకు చెప్పదలచితిని.

నా ప్రక్కన కూర్చుండునామె చిన్నపిల్లల జట్టులో నాడు ఎనిమిదేండ్ల బాలుని తల్లి, ఆసుపత్రిలో నర్సు. ఆమె పుట్టినిల్లు డొమినికన్ రిపబ్లిక్. కరీబియన్ సముద్రములో హయితీ దేశముతో ఒకే దీవిని పంచుకొన్న చిన్న దేశమది. ఆమె నన్ను "డోన్యా" అని పిలుచును. పెద్దలగు స్త్రీలను వారి భాషలో గౌరవముతో అట్లు పిలుతురట. ఒకనాడు నేను తెచ్చిన జంతికలు తినుచు ఆమె తన తమ్ముని కథ చెప్పెను. అది వినుచుండగా నాకు నా పెండ్లిచూపులు జ్ఞప్తికి వచ్చినవి.

ఆమె యూరు సాన్ పెద్రో దె మాకొరీస్. చెఱకుతోటలకును, చక్కెర మిల్లులకును పేరుపడిన చోటు. పూర్వము ఆ తోటలలో పనిచేయుటకు ఆంగ్లేయుల యేలుబడిలోని దీవులనుండి వచ్చిన కూలీలు తమవెంట క్రికెట్టును దెచ్చిరట. వారి సంతతివారు క్రమముగా బేస్‌బాలునకు అలవాటుపడిరి. అమెరికా పెద్దజట్లలో నాడిన మొదటి డొమినికన్ దేశస్థుడు ఓజీ వర్జిల్. అది 1956 వ సంవత్సరము. నేడు అమెరికా, కెనడాలలోని 30 పెద్దజట్లకును ఆ చిన్నదేశములో శిక్షణాలయములు గలవు.

ఇందులో ఒక నియమము మనము తెలిసికొనవలెను. అమెరికాలోగాని, కెనడాలోగాని, ప్యూర్టోరికోలోగాని పెరిగిన పిల్లవానిని ఉన్నత పాఠశాల చదువు ముగిసినపిదప, వరుసక్రమమున, జట్లవారు ఎంచుకొందురు. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా మొదలగు దేశముల పిల్లలకు ఆ పద్ధతి లేదు. 16 ఏండ్లు నిండినచో ఏ జట్టుతోనైనను ఒడంబడిక చేసికొనవచ్చును. పూర్వము ఇందుకు జూలై 2 వ తేదీ ముహూర్తము. 2021 నుండి జనవరి 15. ఒక్కొక్క జట్టు ఏటా ఇందుకై వెచ్చింపదగిన మొత్తమునకు పరిమితి గలదు. 2025 లో అది జట్టునుబట్టి సుమారు 51 లక్షల డాలర్లు మొదలు 75 లక్షల డాలర్ల వఱకుండెను. పిల్లవాడు మైనరు గావున కాగితముపై తల్లియో తండ్రియో సంతకము చేయవలెను.

ఒడంబడిక 16 ఏండ్లకైనను, బేరము అంతకు ముందే మొదలగును. పిల్లవాడు పది పండ్రెండేండ్లవాడు కాగానే "బుస్కోన్" అనువాడు ఇంటికి వచ్చును. స్పానిష్ భాషలో వెదకువాడని యర్థము. వాడు మన పెండ్లిండ్ల పేరయ్య వంటివాడు. కాని పేరయ్యకన్న వాని పెట్టుబడి యెక్కువ. పిల్లవానిని తన బసలో నుంచుకొని, తిండి పెట్టి, బూట్లు కొనియిచ్చి, ప్రొద్దు పొడిచినది మొదలు సాధన చేయించును. ఒడంబడిక కుదిరిననాడు వచ్చిన సొమ్ములో నూటికి 30 వంతులు, ఒక్కొక్కచో అంతకుమించియు, తాను దీసికొనును. వారందఱును దుష్టులని చెప్పరాదు. కన్నతండ్రివలె చూచుకొనువారును గలరు. కండలు త్వరగా పెరుగవలెనని పశువులకిచ్చు మందులను పిల్లలకు సూదితో నెక్కించినవారును గలరని పత్రికలలో వచ్చినది.

తరువాత చూపులు. జట్లవారు పంపు పరీక్షకులను స్కౌట్లందురు. వారు పిల్లవానిని 60 గజములు పరుగెత్తించి గడియారముతో కాలము లెక్కింతురు. బంతి విసరించి గంటకెన్ని మైళ్ల వేగమో యంత్రముతో కొలుతురు. ఒక్కొక్క నేర్పునకు 20 మొదలు 80 వఱకు మార్కులు వేయుదురు. 50 వచ్చినచో పెద్దజట్టులోని సామాన్యునితో సమానమని లెక్క. అంతటితో ముగియదు. భుజముల వెడల్పు, చేతుల పొడవు చూతురు. పిల్లవాడు ఇంకెంత యెదుగునో తెలిసికొనుటకు కన్నవారి పొడవును సయితము చూతురు. "మా అమ్మను గుమ్మములో నిలువబెట్టి చూచిరి, డోన్యా" అని ఆమె చెప్పినప్పుడు నా చేతిలోని జంతిక చేతిలోనే యుండిపోయినది.

1970 లో నన్ను చూడవచ్చినవారును మా అమ్మను అట్లే చూచిరి. తల్లి స్థూలకాయురాలైనచో కూతురును కాలక్రమమున నట్లే యగునని వారి యూహ. నా జడ విప్పించి చూచిరి. కాలు బాగుగానున్నదో లేదో యని నడిపించిరి. ఒక పద్యము చదివించిరి. పిదప నేను లోపలి గదిలో, చెమటకు తడిసిన పట్టుచీరతో, వారేమనుచున్నారో యని గోడకు చెవి యానించి నిలిచితిని. అంతకుముందే రెండు సంబంధములవారు వచ్చి చూచి, జాబు వ్రాసెదమని చెప్పి పోయి, వ్రాయరైరి. మైదానపు అంచున నిలిచి స్కౌట్ల పెదవుల కదలికవంక చూచు పిల్లవాని గుండె యెట్లు కొట్టుకొనునో నాకొకరు చెప్పనక్కఱలేదు.

వయసు సంగతి మఱింత విచిత్రము. 16 ఏండ్లవానికున్న ధర 18 ఏండ్లవానికి లేదు. 20 వచ్చినదా, చేతిలో నెంత విద్య యున్నను అడుగువారు తక్కువ. అందుచేత జన్మపత్రములు దిద్దుట సాగినది. 2001 లో అమెరికాలో జరిగిన బాలుర పోటీలో డానీ అల్మోంటే అను డొమినికన్ బాలుడు అద్భుతముగా నాడెను. తీరా విచారింపగా వానికి 12 కాదు, 14 ఏండ్లని తేలినది. ఆ యేడే సెప్టెంబరు ఘోరము జరిగి, అమెరికా వారు వీసా పత్రములను గట్టిగా పరిశీలింపగా, వందలమంది ఆటగాండ్ర వయసులు తప్పని బయటపడినవి. 2006 లో 16 ఏండ్లవాడని 14 లక్షల డాలర్లిచ్చి తీసికొన్న యొక బాలుడు, అప్పటికే 20 ఏండ్లవాడనియు, పేరు సయితము వానిది కాదనియు 2009 లో తేలినది. నాటినుండి ఎముకల ఛాయాచిత్రములు, రక్తసంబంధ పరీక్షలు వచ్చిపడినవి.

నూఱు కల్లలాడియైనను ఒక పెండ్లి చేయుమని మనవారు చెప్పలేదా? నాకు అప్పటికి పదునెనిమిదేండ్లు నిండినవి. పేరయ్యగారు పదునాఱని చెప్పిరి. జాతకము మా నాయనగారే తిరుగ వ్రాయించిరి. చాలకాలమువఱకు మా అత్తవారింట నా వయసు రెండేండ్లు తక్కువగనే యుండెను. కల్ల యాడినది పెద్దలు. అది బయటపడునేమోయని భయపడినది మాత్రము నేను.

ఒక నిజమైన జన్మపత్రము కథ కూడ చెప్పవలెను. వెనిజులాలోని మారకాయ్ నగరమున హ్యూస్టన్ ఆస్ట్రోస్ అను జట్టువారు పిల్లలను పరీక్షించుచుండగా, హొసే అల్టువే అను పొట్టి పిల్లవాడు వచ్చెను. వారు వాని పొడవు చూచి, వయసు నమ్మక, మఱల రావలదనిరి. వాడు మఱునాడు జన్మపత్రము చేతబట్టుకొని తిరిగి వచ్చెను. 2007 లో 15,000 డాలర్లకు తీసికొనిరి. 2017 లో అమెరికన్ లీగునందు అత్యుత్తముడైన ఆటగాడని వానికే బహుమానమిచ్చిరి. చూపులు చూచువారి కన్ను ఎంత పొరబడునో దీనివలన తెలియుచున్నది.

"ఇంతటి బేరమునకు తల్లులెట్లు ఒప్పుకొందురమ్మా?" అని నేనడిగితిని. ఆమె కొన్ని పేర్లు చెప్పెను. సామీ సోసా తండ్రిలేని బిడ్డ. వీధులలో బూట్లు తుడిచి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చినవాడు. 1985 లో వానికిచ్చినది 3,500 డాలర్లు. 1988 లో పెద్రో మార్టినెజునకు 6,500 డాలర్లు. ఇరువురును జగత్ప్రసిద్ధులైరి. 2015 లో హువాన్ సోటో అను 16 ఏండ్ల బాలునకు 15 లక్షల డాలర్లిచ్చిరి. 2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్ జట్టువారు ఆ సోటోతోనే 15 ఏండ్లకుగాను 76 కోట్ల 50 లక్షల డాలర్లకు ఒడంబడిక చేసికొనిరి. "ఆ వార్త మా వీధిలో ప్రతి వంటింటను వినబడును, డోన్యా. రేకుల కప్పు కాఱుచుండగా వినబడును" అని ఆమె యనెను. నేనిక ఆ తల్లులను తప్పుపట్టలేకపోతిని.

ఆమె తమ్ముడు బంతి విసరుటలో నేర్పరి. పదుమూడవయేట ఒక జట్టువారు నోటిమాటగా మూడు లక్షల డాలర్లకు ఒప్పుకొనిరి. నియమము ప్రకారము అట్టి మాట చెల్లదు. అయినను అందఱును అట్లే చేయుదురట. ఆ మాటమీద పిల్లవాడు బడి మానెను. బుస్కోను బసకు బోయెను. తల్లి ఆ మాటమీదనే అప్పుచేసి యిల్లు బాగుచేయించెను. పదునైదవయేట మోచేతిలో నొప్పి మొదలైనది. సంతకమునకు నాలుగు నెలలు ముందు జట్టువారి మనిషి వచ్చుట మానెను. బుస్కోను ఫోను చేసినచో పలికినవారు లేరు. జూలై 2 వ తేదీ వచ్చినది, పోయినది. ఆనాడు వాడు బట్టలమూటతో ఇంటికి వచ్చి, తలుపు మూసికొని, మూడు దినములు బయటకు రాలేదట. తల్లి మాత్రము గుమ్మములో పళ్లెము పెట్టి, ఎత్తి, మఱల పెట్టుచు, ఒక్కమాటయు ననలేదట.

"మఱి నీవెట్లు చదువుకొంటివి?" అని అడిగితిని. ఆమె చిన్నగా నవ్వి, "నన్ను చూచుటకు ఎవ్వరును రాలేదు, డోన్యా. నాకు ధర లేదు. అందుచేత నన్ను బడిలోనే యుండనిచ్చిరి" అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా యింట మా అన్నగారు బి.ఏ. చదివిరి, నన్ను ఎనిమిదవ తరగతితో మాన్పించి చూపులకు సిద్ధపఱచిరి. వారియింట ఆడపిల్ల చదివినది. మగపిల్లవానిని చూపులకు సిద్ధపఱచిరి. ఏ బిడ్డకు ధర పలుకునో ఆ బిడ్డకే చదువు తప్పినది. ప్రేమ లేక కాదు. మా నాయనగారికి నామీద ప్రాణము. ఆ తల్లికి ఆ కొడుకుమీద ప్రాణము.

ఈ పద్ధతిని మార్చుటకు యత్నములు జరుగకపోలేదు. విదేశపు పిల్లలను కూడ వరుసక్రమమున ఎంచుకొందమని జట్ల యజమానులును, ఆటగాండ్ర సంఘమువారును 2022 లో చర్చించిరి; జూలై నెల గడువులోపల ఒప్పందము కుదరలేదు. శిక్షణాలయములలో ఇంగ్లీషును, బడిచదువును చెప్పించుచున్న జట్లు గలవు. అది మేలే. కాని ఆ చదువు సంతకమైనవారికి. సంతకము కానివాని గతి యేమి? వాని చదువును కాపాడవలసినది ఇల్లే. ఆడించుడు, ఆశపడుడు, తప్పు లేదు. పిల్లవాని పుస్తకముల సంచిని మాత్రము ఎవ్వరి మాటమీదను మూల పెట్టకుడు అని నేను ఆ దేశపు తల్లులకు చెప్పగల దానినైనచో చెప్పుదును. మనయింటి తల్లులకును అదే మాట.

ఒక సాయంకాలము మా మనుమడు, "అమ్మమ్మా, నన్ను చూచుటకు స్కౌట్లు వత్తురా?" అని అడిగెను. "వచ్చినచో రానిమ్ము నాయనా. నీ పండ్రెండవ తరగతి ముగిసినదాక వారు వీధియరుగుమీద కూర్చుండవలెను" అంటిని. వాడు నవ్వెను. వాడు అక్కడ పుట్టినవాడు గావున నియమమే వానిని కాచుచున్నది. అదే సముద్రమున కావలితీరమున పుట్టినవానికి ఆ కాపు లేదు.

నేను తిరిగి వచ్చుటకు ముందు ఆమె తన ఫోనులో ఒక ఛాయాచిత్రము చూపెను. తమ్మునికిప్పుడు ఇరువదియైదేండ్లు. పగలు మోటారుసైకిలుపై జనులను చేరవేయుచు, రాత్రిబడిలో చదివి, మానిన చదువును ముగించినాడు. చేతిలో ప్రమాణపత్రము, ప్రక్కన తల్లి. ఆమె పొడవెంతో నేను చూడలేదు. ఆమె ముఖమునే చూచితిని.