ఎండ పడే ఒడ్డు

డిసెంబర్ 3, 2023
ఖిలా వరంగల్ కందకం మీద మంచు. మట్టికోట కట్ట కనబడనేలేదు. బాపు చెరువు నుంచి వచ్చి బుట్ట దించిండు, మాట్లాడలేదు. ఆరు కొర్రమీన్లు, ఆరింటికీ ఎర్రటి పుండ్లు. ఒకదానికి లోపలి కండ తేలింది. "ఎవలు కొంటరు బిడ్డా?" అమ్మ పెరట్లో గుంత తీసి పాతిపెట్టింది.
మన దేశంలో 1988 నుంచి ఉన్న రోగం, బూజుతో వచ్చే పుండ్లు. పేరు చెప్తే బాపుకు తెల్వదు. చలిరోగం అంటడు.

డిసెంబర్ 6
ల్యాబ్‌లో పన్నెండు రవ్వ చేపలు. సూక్ష్మజీవి ఎక్కించి ఒక రోజైంది.
హెడ్ కిడ్నీ తీయడం చెయ్యికి అలవాటైంది. మొప్పల వెనక, వెన్నుకు అంటుకొని, గడ్డకట్టిన నెత్తురు రంగు. గట్టిగా పట్టుకుంటే చిదిగిపోతది. మనకు ఎముక మజ్జలో పుట్టే నెత్తురు చేపకు ఇక్కడ పుడుతది. ఇంత చిన్న ముద్దలో.

డిసెంబర్ 7
రాత్రి కరెంటు పోయి ఫ్రీజర్ ఆగింది. సూక్ష్మజీవి ఎక్కించిన ఆరు గంటలకు తీసిన నమూనాలన్నీ పాడైనయి. మళ్లీ అన్ని చేపలను చంపాలె. అన్నం సయించలేదు.

డిసెంబర్ 15
ఇంటర్‌ల్యూకిన్-1 బీటా గీత వచ్చింది, రోగం వచ్చిందని కణాలు పంపుకునే కబురు అది. 28 డిగ్రీల తొట్టిలో నిటారుగా లేచింది. 18 డిగ్రీలలో, అదే గంటకు, ఇంకా నేల మీదనే.
రోగాన్ని ఆపే శక్తికి గుర్తుగా స్లైడ్‌లో కోట బొమ్మ పెట్టమన్నరు, ఖిలా వరంగల్ పిల్లను కదా. పెట్టబుద్ధి కాలేదు. రాయి కదలదు. ఇక్కడ ఒక కణం కబురు వదులుతది. పక్క కణం అందుకుంటది, తనూ అదే కబురు తయారు చేస్తది. అది విని తెల్లకణాలు పాక్కుంటూ వస్తయి. చలిలో ఆ కబురే ఆలస్యం. బూజేమో ఆగదు, కండలోకి దిగుతనే ఉంటది.
పెరట్లో పాతినవి గుర్తొచ్చినయి.

డిసెంబర్ 19
అన్నం తింటూ బాపు అన్నడు: "సుస్తీ చేసిన చాప ఎండ పడే ఒడ్డుకొస్తది."
ముద్ద చేతిలోనే ఆగిపోయింది. జీబ్రాఫిష్ మీద 2013లో వచ్చిన పేపరు... వైరస్ లాంటి ఆర్‌ఎన్‌ఏ ఎక్కిస్తే వెచ్చని నీళ్లకు పోయినయి. అక్కడ వైరస్‌తో కొట్లాడే జన్యువులు గట్టిగా పలికినయి. చేపకు ఒంట్లో జ్వరం పుట్టదు, వెతుక్కుంటూ పోవాలె.
బాపుకు ఎన్నేండ్ల నుంచి తెలుసో. నేనెన్నడైనా అడిగిన్నా?

డిసెంబర్ 22
పగలు రెండింటికి థర్మామీటరు తాడుకు కట్టి దింపినం. నడి చెరువులో 22. ఒడ్డున 26.
కొర్రమీను గాలి మింగడానికి కూడా పైకొస్తది. వెచ్చదనానికి వచ్చిందో, ఊపిరికి వచ్చిందో ఎట్ల తెలిసేది?
బాపుకు సైటోకైన్ అనలేదు, కబురు అన్న. "చలికి నడవలేక కబురు గూడ ఆగిందా?" అన్నడు. ఆగలేదు, మెల్లగ పోతది అన్న. తలూపిండు.
తుంగ పక్కన ఒక కొర్రమీను ఉంది, తోక దగ్గర పుండు. బాపు వల తీయలేదు. రేపు ఇదే యాళ్లకు రావాలె. అక్కడే ఉంటదా.