బండి ఆగిన చోటు

కౌలు మడికి నీళ్లు కట్టడానికెళ్లిన మా చిన్నాన్నని రాత్రి తొమ్మిది దాటాక రక్తపింజర కరిచింది. ఫోన్ చేశాం. బండి 18 నిమిషాల్లో వచ్చేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కాకపోతే వచ్చింది మా పేటకి కాదు, పెద్దవీధి రామాలయం దగ్గరికి. ఊళ్లో సిమెంటు రోడ్డు అక్కడితో ఆఖరు.

"గుడి దగ్గరున్నానమ్మా, మీరెక్కడ?" అని డ్రైవర్ ఫోన్. ఆయన తప్పేం లేదు, ఆ బురదలో బండి దిగడిపోతుంది. నులక మంచం మీద చిన్నాన్నని పడుకోబెట్టి నలుగురం మోశాం. ఇద్దరం జారిపడ్డాం. గుడి చేరేసరికి 25 నిమిషాలు. మనిషి దక్కాడు గానీ కాలి వేళ్లు రెండు పోయాయి.

లెక్కలోకి వెళ్లేది ఆ 18 నిమిషాలే. మేం మోసిన 25 నిమిషాలు ఏ కాగితంలోనూ ఉండవు.

2020 జులై 1న విజయవాడలో 108, 104 బండ్లు 1,088 ఒకేసారి రోడ్డెక్కాయి. పట్టణాల్లో 15 నిమిషాలు, పల్లెల్లో 20, ఏజెన్సీలో 30 అని గడువు పెట్టారు. మంచిదే. 2005లో 108 రాకముందు మా వాళ్లు ఎడ్లబండి మీద వెళ్లేవారు, దాన్ని తీసిపారేయలేను. కానీ గడియారం ఎక్కడ ఆగుతోంది? బండి ఆగిన చోట. రోగి ఉన్న చోట కాదు.

ఇంకోటి, సగటు. తొమ్మిది ఫోన్లకి పదేసి నిమిషాల్లో, పదో ఫోన్‌కి 100 నిమిషాలకి బండి వెళ్లిందనుకోండి. సగటు 19. గడువులోపే! ఆ పదో ఇల్లు ఎవరిదో మీకు నేను చెప్పక్కర్లేదు.

సాలూరు కొండలు చూడండి, అప్పటి విజయనగరం జిల్లా. 2018లో మాసిక చింతలవలస నుంచి ఓ గర్భిణిని డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే కాన్పయింది. ఎవరో కుర్రాడు ఫోన్‌లో తీశాడు కాబట్టి దేశం చూసింది. ఆ ఏడాదే గిరిశిఖర గ్రామాల గర్భిణులకి సాలూరులో వసతి గృహం పెట్టారు. నెలలు నిండకముందే కిందకొచ్చి ఉండొచ్చు. బండి ఎక్కలేని కొండని ఒప్పుకున్నాకే ఆ ఆలోచన పుట్టింది. 2020లో కొదమ ఊరివాళ్లయితే చందాలేసుకుని తమ రోడ్డు తామే తవ్వుకున్నారు. చందాలేసుకోవాల్సి రావడం గొప్ప ఎలా అయ్యిందో నాకిప్పటికీ అర్థం కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సమాచార హక్కు దరఖాస్తులో "ఎన్ని బండ్లున్నాయి" అని అడగడం ఆపండి. మండలాల వారీగా అడగండి. ఫోన్ ఎత్తినప్పటి నుంచి ఆస్పత్రి మంచం ఎక్కేదాకా ఎంతసేపు? రోగిని బండి దాకా ఎంతదూరం మోశారు? అది రాసుకునే గడి ఫారంలో ఉందా?

ఆదివారం మా పేటలో గుడి నుంచి చివరి ఇంటి దాకా టేపు పట్టి కొలుస్తున్నాం. చిన్నాన్న కూడా వస్తానన్నాడు, కర్ర పోటేసుకుని.