మార్గెరాలో వినిన కథ

వెనీసు నగరమును జూడఁబోవువారు జలమార్గములనే చూతురు గాని, ప్రక్కనే యున్న మార్గెరా కర్మాగారముల పొగగొట్టములవంకఁ గన్నెత్తి చూడరు. పాదువాలో చదువుచున్న మా మఱిది మమ్ము మొదట నచటికే కొనిపోయెను. లె ఓర్మె యను గాయకబృందము 1966లో నచటనే పుట్టెనఁట. ఆ పేరునకు అడుగుజాడలని యర్థము.

ప్రోగ్రెసివ్ రాక్ అనఁగా, రాక్ పాటను శాస్త్రీయసంగీతమువలె విస్తరించి దీర్ఘకథగా నల్లు బాణి. ఇంగ్లండున వెలసిన యా పాటలనే రేయింబవళ్లు వినుచున్న మఱిది తెలుఁగు మఱచునేమో యని మా దిగులు. అది గ్రహించి యతఁడు నవ్వుచు నిట్లు చెప్పెను:

“వదినా! వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్ అను ఇంగ్లండు బృందమువారి ‘పాన్ హార్ట్స్’ స్వదేశమున నంతగాఁ జెల్లలేదు. 1972లో ఇటలీయందు అమ్మకములలోఁ బ్రథమస్థానము నందినది. లె ఓర్మెవారును ఎమర్సన్, లేక్ అండ్ పామర్‌వలె మువ్వురై, మీటల వాద్యమునకుఁ బ్రాధాన్య మిచ్చిరి. పాడినది మాత్రము స్వభాషలోనే. 1973లో వెలుఁగు నొకటి, చీఁకటి నొకటిగా నున్న రెండు గ్రహముల కథను ‘ఫెలోనా ఎ సొరోనా’ యను పేరఁ బాడిరి. దానికి ఆంగ్లపదములు కూర్చినదెవరో యెఱుఁగుదువా? వాన్ డర్ గ్రాఫ్ గాయకుఁడైన పీటర్ హామిల్!”

ఇంగ్లండు అడుగుజాడలఁ బోయినవారి పాట తుద కింగ్లండు గాయకునిచేతనే యనువాద మందినది. పరులయొద్ద నేర్చినంతమాత్రమున సొంతగొంతు పోదని తోఁచి, మా దిగులు సగము తీఱెను. తక్కిన సగము, మఱిది తెలుఁగున వ్రాయు తదుపరి యుత్తరమునకై వేచియున్నది.