కావడి మోసే మనుషుల విగ్రహం

ఈసారి 'నాకు నచ్చిన బొమ్మ' అనే దాని మీద రాయమని తెలుగు టీచరు చెప్పారు. నేను ఒక విగ్రహం గురించి రాస్తున్నాను. దాన్ని నేను కళ్ళారా చూడలేదు, పుస్తకంలో ఫోటో చూశాను. అయినా అందులో ఉన్న మనుషులు నాకు బాగా తెలిసినవాళ్ళలాగే అనిపిస్తారు. ఎందుకో చెప్తాను.

దానికి ముందు నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి. దసరా సెలవులు అయిపోయి బడికి వచ్చాక ఒక ఆదివారం మా నాయన నన్ను చూడటానికి వచ్చాడు. మా ఊరికి బస్సు రాదు. వాగు దాటి అడవి దారిలో నడిస్తేనే తారు రోడ్డు వస్తుంది. నాయన కావడి భుజాన వేసుకుని వచ్చాడు. ఒక బుట్టలో నాకు సీతాఫలాలు, రెండో బుట్టలో సంతలో అమ్మటానికి అడ్డాకుల కట్టలు. కాళ్ళకు చెప్పులు లేవు. మోకాళ్ళ దాకా బురద.

ఇక్కడ మనందరం ఆదివాసీ పిల్లలమే. అయినా రోడ్డు పక్క ఊళ్ళ వాళ్ళ నాయనలు మోటారు సైకిల్ మీద, ప్యాంటు చొక్కా వేసుకుని వస్తారు. అదే సమయానికి గేటు దగ్గర పదో తరగతి అక్క ఒకామె నిలబడి ఉంది. "ఎవరే ఆయన? మీ నాయనా?" అని అడిగింది. నేను తల వంచుకుని, "కాదక్కా, మా ఊరాయన" అన్నాను.

నాయన అక్కడే ఉన్నాడు. విన్నాడో లేదో నాకు తెలవదు. సీతాఫలాలు నా కొంగులో పోసి, "మంచిగ చదువుకో బిడ్డా" అని చెప్పి కావడి ఎత్తుకుని సంతకు పోయాడు. ఆ పండ్లు రూములో అందరూ తిన్నారు. నాకు మాత్రం ఒక్కటి కూడా గొంతు దిగలేదు.

తర్వాత కొన్ని రోజులకు మన సోషల్ సారు ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. అందులో మన దేశంలోని శిల్పాల ఫోటోలు ఉన్నాయి. గుళ్ళు, దేవుళ్ళు, రాజులు అయిపోయాక ఒక పేజీ తిప్పారు. నా గుండె ఝల్లుమంది. ఒక మనిషి భుజాన కావడి ఉంది. కావడి బుట్టలో చిన్నపిల్ల కూర్చుని ఉంది. పక్కన అతని భార్య నెత్తిన బరువు పెట్టుకుని నడుస్తోంది. వాళ్ళతోపాటు కుక్క కూడా పోతోంది. మా ఊళ్ళో కూడా అంతే. మగవాళ్ళు కావడి మోస్తారు, ఆడవాళ్ళు నెత్తిన గంప మోస్తారు, కుక్క పిలవకపోయినా వెంట వస్తుంది.

"సార్, వీళ్ళు మనోళ్ళే కదా!" అని ఒక అమ్మాయి అరిచింది. సారు నవ్వి, వీళ్ళు పశ్చిమ బెంగాల్‌లో ఉండే సంతాల్ ఆదివాసులు అని చెప్పారు. ఈ విగ్రహం పేరు 'సంతాల్ కుటుంబం'. శాంతినికేతన్‌లో 1938లో చేశారు. చేసిన శిల్పి పేరు రాంకింకర్ బైజ్.

రాంకింకర్ 1906లో బాంకురాలో పుట్టారు. వాళ్ళది మంగలి పని చేసుకునే పేద కుటుంబం. చిన్నప్పుడు వాళ్ళ వాడకట్టులో మట్టి బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర కూర్చుని బొమ్మలు చేయడం నేర్చుకున్నారు. 1925లో రవీంద్రనాథ్ ఠాగూర్ పెట్టిన శాంతినికేతన్‌లో చదువుకోవటానికి వచ్చారు. అక్కడ నందలాల్ బోస్ ఆయనకు గురువు. తర్వాత ఆయన కూడా అక్కడే పిల్లలకు శిల్పం నేర్పారు. శాంతినికేతన్ చుట్టుపక్కల సంతాల్ ఊళ్ళు ఉన్నాయి. వాళ్ళు పనికి పోవటం, రావటం ఆయన రోజూ చూసేవారు.

పెద్ద విగ్రహం చేయాలంటే రాయి కావాలి, లేదా కంచు కావాలి. రెండింటికీ చాలా డబ్బు అవుతుంది. ఆయన దగ్గర అంత డబ్బు లేదు. అందుకని ముందు ఇనుప చువ్వలతో ఎముకల గూడులాంటిది కట్టారు. అక్కడి నేలలో దొరికే ఎర్ర మొరం రాళ్ళు సిమెంటులో కలిపి, ముద్దలు ముద్దలుగా దాని మీద వేశారు. తర్వాత ఉలితో చెక్కారు. నున్నగా చేయలేదు, గరుకుగానే వదిలేశారు. ఫోటోలో చూస్తే ఆ మనుషుల ఒళ్ళు నేలలాగే ఉంటుంది.

మొరం అనగానే నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. ఎండాకాలంలో ఉపాధి హామీ పనికి పోయి అమ్మ తట్టలతో మోసేది మొరమే. ఊరి దారికి పోసే ఆ మొరంతో విగ్రహం కూడా చేస్తారని నేను అనుకోలేదు.

ఇంకొక సంగతి చెప్పాలి. సెంటరులో మనం చూసే విగ్రహాలకు ఎత్తు గద్దె ఉంటుంది, కింద పేరు రాసి ఉంటుంది. అల్లూరి సీతారామరాజు చేతిలో విల్లు, కొమురం భీం చేతిలో తుపాకి ఉంటాయి. వాళ్ళు మన కోసం పోరాడారు కాబట్టి విగ్రహాలు పెట్టారు, అది న్యాయమే. కానీ ఈ కావడి మనిషి ఏ యుద్ధం చేయలేదు. అతని పేరు కూడా ఎవరికీ తెలవదు. పెళ్ళాం బిడ్డలతో పని వెతుక్కుంటూ నడుస్తున్నాడు, అంతే. అటువంటి మనిషిని మామూలు మనుషుల కంటే పెద్దగా చేసి, అందరూ నడిచే చోట ఆరుబయట నిలబెట్టారు. అప్పటిదాకా మన దేశంలో పెద్ద విగ్రహాలు రాజులకు, దొరలకు, దేవుళ్ళకు పెట్టేవాళ్ళని సారు చెప్పారు.

రాంకింకర్ 1956లో 'మిల్లు పిలుపు' అని ఇంకొక విగ్రహం చేశారు. మిల్లు కూత వినపడితే ఇద్దరు సంతాల్ ఆడవాళ్ళు పరుగెత్తుతుంటారు, వాళ్ళ చీరలు గాలికి ఎగురుతుంటాయి. ఢిల్లీలో రిజర్వు బ్యాంకు గుమ్మం దగ్గర ఉన్న పెద్ద రాతి యక్షుడు, యక్షిణి కూడా ఆయన చేసినవే. 1970లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. 1980లో చనిపోయారు. ఢిల్లీ విగ్రహాలు గొప్పవే, కానీ నాకు కావడి విగ్రహమే ఇష్టం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరో బెంగాలీ ఆయన, మనవాడు కానాయన, కావడి మోసే మనిషిని చూసి ఇంత పెద్ద విగ్రహం చేశాడు. నేను సొంత బిడ్డనై ఉండి, కావడి చూసి సిగ్గుపడి, మా నాయన కాదు అన్నాను.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు నోట్‌బుక్కులో ఆ విగ్రహం బొమ్మ గీసుకుని పోయి నాయనకు చూపించాను. పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. తర్వాత బుట్టలో పిల్లను వేలితో చూపించి, "ఇది నువ్వే" అన్నాడు.

నాకు రెండేళ్ళప్పుడు అమ్మానాయనలు మిరప కోతలకు పోయారంట. నన్ను కావడిలో మోశారంట. "కావడికి రెండు వైపులా బరువు సమానంగ ఉండాలె. పోయేటప్పుడు ఒక దిక్కు నువ్వు, ఒక దిక్కు బియ్యం మూట. సరిపోయింది. వచ్చేటప్పుడు బియ్యం లేవు. కూలికి మిరపకాయలే ఇచ్చిండ్రు. ఎండు మిరపకాయలకు బరువేముంటది? అందుకని దారిలో ఒక రాయి ఏరి బుట్టలో పెట్టిన. ఇంటిదాకా ఆ రాయి మోసిన" అన్నాడు.

ఆ రాయి ఏదని అడిగాను. వాకిట్లో చూపించాడు. అమ్మ రోజూ దాని మీదనే కొడవలి నూరుతుంది. బుద్ధి తెలిసినప్పటి నుంచి చూస్తున్నాను, దాని సంగతి నాకు తెలియదు.

అప్పుడు గేటు దగ్గర మాట చెప్పేశాను. చెప్తూ ఏడ్చాను. నాయన, "ఇన్న బిడ్డా. ఆ రోజే ఇన్న" అన్నాడు. కాసేపు ఆగి, "కట్టెలు ఎగదొయ్యి, పొయ్యి ఆరిపోతాంది" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది అనిపించింది.

ఆ రోజు నన్ను అడిగిన అక్క కూడా ఈ గోడ పత్రిక చదువుతుంది. అక్కా, ఆయన మా ఊరాయన కాదు. మా నాయన. వచ్చే ఆదివారం వస్తానన్నాడు. గేటు దగ్గర కావడి నేనే దించుకుంటాను. నువ్వూ అక్కడికి రా, చూపిస్తాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని